నలభై నిమిషాల నేల

రోజు 1

కుక్కల శరణాలయం వారికి. మీరిచ్చిన పుస్తకం మొదటి పేజీలో "తొంభై రోజులు, ఉన్నది ఉన్నట్టు రాయవలెను" అని అచ్చు వేశారు. రాస్తాను. రైల్వేలో ముప్ఫై నాలుగేళ్ళు కీమ్యాన్‌గా చేసినవాడిని. భుజాన సుత్తి పెట్టుకుని రోజూ పన్నెండు కిలోమీటర్లు పట్టాల వెంట నడవడం, వదులైన కీలు బిగించడం, ఎక్కడ ఏం చూశానో సాయంత్రం పుస్తకంలో రాయడం, అదే నా ఉద్యోగం. ఉన్నది ఉన్నట్టు రాయడం మీరు నాకు నేర్పక్కర్లేదు.

నా పేరు కోరాడ సూరిదేముడు, అరవై ఆరేళ్ళు. నా భార్య అచ్చియ్యమ్మ, అరవై ఒకటి. పెందుర్తి పద్నాలుగో బ్లాకు, పంతొమ్మిదో అంతస్తు. మేం నేల మీద కాలు పెట్టి తొమ్మిదేళ్ళ నాలుగు నెలలైంది.

ఉన్నది ఉన్నట్టే అన్నారు కనుక ఇది కూడా రాసేస్తాను. "కుక్కలంటే ప్రాణం" అని అర్జీలో రాసింది అబద్ధం. రోడ్లన్నీ సరుకుల మోతబళ్ళకి ఇచ్చేశాక మనిషి కాలు కింద పడకూడదన్నారు. డ్రైవరు లేని బండి ముందుకి మనిషొస్తే అది ఆగుతుంది, అది ఆగితే దాని వెనక వెయ్యి ఆగుతాయి, ఊరికి బియ్యం ఆలస్యమవుతాయి. నిజమే. ఎక్కడికైనా వెళ్ళాలంటే గూడుబండి ఉంది. ఈ బ్లాకు నేలమాళిగలో ఎక్కి ఆ బ్లాకు నేలమాళిగలో దిగడమే, దానికి కిటికీ కూడా ఉండదు. కానీ నలభై కిలోలు దాటిన పెంపుడు జంతువుకి రోజూ నలభై నిమిషాలు నేల మీద నడక ఉండాలని పాత చట్టం ఒకటుంది. దాన్ని ఎత్తెయ్యాలని ఎవరికీ తోచలేదు. జంతువుకి తాడుంటుంది, తాడు పట్టుకోడానికి ఒక మనిషి కావాలి, ఒక్కరే. ఆ మనిషిని నేనవుదామని నాలుగేళ్ళు మీ జాబితాలో కాచుక్కూర్చున్నాను.

ఇవాళ కుక్క వచ్చింది. గ్రేట్ డేన్ జాతి, ఆడది, ఆరేళ్ళు, యాభై ఎనిమిది కిలోలు. అచ్చియ్యమ్మ కంటే నాలుగు కిలోలు ఎక్కువ. మీవాళ్ళు చక్రాల బోనులో లిఫ్టెక్కించి, బోనుతో సహా ఇంట్లోకి తోసి, దాని తలుపు తీసి వెళ్ళిపోయారు. మా అంతస్తులో ముప్ఫై రెండు గుమ్మాలు. ముప్ఫై రెండు తలుపులూ తెరుచుకున్నాయి. ఎదురింటి తులసీరావు ఏకంగా మా ఇంట్లోకే వచ్చేశాడు.

"ఓలమ్మో, ఇది కుక్కేటి బావూ, దూడలాగున్నాది! ఇంకేటి, నీ పని రాజా పని. రేపట్నించి నేల మీదే తిరుగుతావు."

వాడు వెళ్ళగానే అచ్చియ్యమ్మ తలుపేసింది. "ఆడి కన్ను సూసావా మావా? నరుడి కంటికి నల్లరాయైనా పగులుతాది."

బాల్కనీ తొట్టెలో నిమ్మచెట్టుంది. ఒక కాయ కోసుకొచ్చి, రెండు చెక్కలు చేసి, కుంకుమ అద్ది గడపకి అటొకటి ఇటొకటి పెట్టింది. కుక్కకి బుల్లెమ్మ అని పేరు కూడా తనే పెట్టింది. ఇంత శాల్తీకి బుల్లెమ్మ ఏమిటే అంటే, "ముద్దుకి బరువేటి మావా" అంది.

రోజు 3

మీరు మూడు రోజులు కదిలించొద్దన్నారు కాబట్టి కదిలించలేదు. నున్నటి గచ్చు మీద దాని కాళ్ళు నాలుగూ నాలుగు దిక్కులకి జారిపోతున్నాయి. అచ్చియ్యమ్మ పాత చీరలు మడతలేసి వంటింటి నుంచి బాల్కనీ దాకా బాటలాగా పరిచింది. రెండు రోజులుగా ఆవిడ కంచం కూడా కుక్క పక్కనే. బల్లకేమైందని అడిగితే, కొత్తచోట ఒక్కతీ ఎలా తింటుందని నన్నే అడిగింది.

గడువు తీరిందని సాయంత్రం నాలుగింటికి నా పాత బూట్లు తొడుక్కున్నాను. తోలు బిగుసుకుపోయింది, కానీ తొడుక్కోగానే ఒంట్లో ఏదో లేచి నిలబడింది. తాడు తగిలించాను. బుల్లెమ్మ చీరల మీద నా వెనకాలే బుద్ధిగా వచ్చింది. గుమ్మానికి నాలుగడుగుల దూరంలో ఆగింది. ముక్కు చీదింది, మొహం పక్కకి తిప్పుకుంది, వెనక్కి వెనక్కి జరిగి వంటింట్లోకి పోయింది.

మూడుసార్లు ప్రయత్నించాను. మూడుసార్లూ అదే చోట ఆగింది. బూట్లు విప్పేశాను.

రోజు 7

అదే తంతు. అచ్చియ్యమ్మకి అనుమానం తీరిపోయింది, ఇది ముమ్మాటికీ దిష్టే. రోజుకో నిమ్మకాయ కాస్తా రోజుకి నాలుగైంది. చెక్కలు గడప మీద, గోడవార, ఆఖరికి చెప్పుల పక్కన కూడా ఉన్నాయి. ఇవాళ ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు, ఎవరికీ దగ్గు రాలేదు, కాబట్టి దిష్టి ఘోరంగా ఉందని తేల్చింది.

మీ డాక్టరు హంసవేణి గారు తెర మీద కనబడ్డారు. బుల్లెమ్మని ఇంతకుముందు రెండిళ్ళవాళ్ళు వెనక్కిచ్చేశారట, గడప దాటదనే.

"ముప్ఫయ్యో రోజున నేనొస్తాను సూరిదేముడు గారూ. అప్పటికి అది నేల తొక్కి ఉండాలి. లేకపోతే తీసుకుపోవాలి. మూడోసారి తిరిగొచ్చిన కుక్కని ఇంకెవరికీ ఇవ్వం. ఇక ఆ బోనే దానిల్లు."

"మరి నాకు?"

"ఒకసారి వెనక్కిచ్చిన ఇంటికి రెండో కుక్క రాదండి."

ఇంకో మాట కూడా చెప్పారు. తాడు పిడి ఒక్క అరచేతినే గుర్తుపడుతుందట. ముప్ఫై రోజుల దాకా మా ఇద్దరి చేతులకీ కింద గేటు తెరుచుకుంటుంది, తర్వాత ఒక్కరికే. ఆ ఒక్కరు ఎవరో మేం కాదు, కుక్క తేలుస్తుందట. నేనంత పట్టించుకోలేదు. నాలుగేళ్ళు ఎదురు చూసింది నేనైతే ఇంకెవరవుతారు?

రోజు 12

తులసీరావు నడవాలో నిలబడి నవ్వుతాడు. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు బావూ. నువ్వు గడపే గెలవనేకపోతన్నావు."

ఇవాళ దాన్ని దుప్పటి మీద పడుకోబెట్టి లాగాను. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి అది ఏడ్చిన ఏడుపుకి నడవాలో జనం పోగయ్యారు. అచ్చియ్యమ్మ వచ్చి నా చేతి మీద ఒక్కటిచ్చింది. నలభై ఏళ్ళ కాపురంలో అది మొదటిసారి.

ఇప్పుడు ఇది రాస్తుంటే బుల్లెమ్మ నా ఎదురుగా కూర్చుని తలుపుకేసి చూస్తోంది. నేను కూడా తలుపుకేసే చూస్తున్నాను. నా పిక్కలు సాయంత్రానికి ఉబ్బుతున్నాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోంది. నడవా చివరి నుంచి చివరికి నూట పది అడుగులు. రోజుకి నలభైసార్లు తిరిగేవాణ్ణి, బూట్ల చప్పుడని ఫిర్యాదు చేశారు. చెప్పులేసుకుని తిరిగితే నడిచినట్టుండదు. గోడకి కొట్టుకుని వెనక్కొచ్చే నడక నడకే కాదు. పన్నెండు కిలోమీటర్లు ఒకే వైపు నడిచినవాడికి ఈ బాధ తెలుస్తుంది, మిగతావాళ్ళకి తెలియదు. నాకిక్కడ ఊపిరాడడం లేదు. రాశాను, చదువుకోండి.

రోజు 18

చెట్టు బోసిపోయింది. ఆఖరికి పిందెలు కూడా కోసేసింది. బజారు పెట్టెలో నిమ్మకాయలు వచ్చే వారం గానీ రావట. రాత్రి ఎండిన చెక్కలన్నీ పొద్దున్నే ఊడ్చి పారేసి, గడప కడిగి, అచ్చియ్యమ్మ దిగులుగా కూర్చుంది.

"ఇయ్యాల ఏటీ నేదు మావా. ఉత్త గడప."

పది గంటలప్పుడు చెత్త పెట్టె కోసం తలుపు తీశాను. నా మోకాలికి మెత్తగా ఏదో తగిలింది. బుల్లెమ్మ నా పక్కనుంచి ఒళ్ళు ఒరుసుకుంటూ వెళ్ళి నడవాలో నిలబడింది. అటు చూసింది, ఇటు చూసింది, తులసీరావు గుమ్మం ముందు కూర్చుంది.

తెర మీద డాక్టరుగారికి చెప్పాను. తర్వాత ఆ ముందు రెండిళ్ళ ఫొటోలు వెతికి చూశారట. రెండు గుమ్మాల దగ్గరా నిమ్మచెక్కలే. కుక్కకి నిమ్మ వాసన ముక్కులో సూది పెట్టి పొడిచినట్టుంటుందట. అది భయపడే కొద్దీ మనం కాయలు పెంచాం, మనం పెంచే కొద్దీ అది భయపడింది. ఇంత పెద్ద కుక్క ఇంటికొస్తే దిష్టి తియ్యని తెలుగువాళ్ళుంటారా?

అచ్చియ్యమ్మ కుక్క మెడ కావలించుకుని, "నా సేతుల్తో నేనే నీకు సంకెళ్ళేసీనాను తల్లీ" అని ఏడ్చింది. నేను బూట్లు వెతుక్కున్నాను.

రోజు 19

నేల.

ఏమని రాయను? గేటు తెరుచుకుంది, పిడి పచ్చగా వెలిగింది, కాలు కింద పెట్టాను. మట్టి ఒక అంగుళం దిగింది. గచ్చు దిగదు. తొమ్మిదేళ్ళుగా నా కాలి కింద ఏదీ దిగలేదు. ముసలాణ్ణి, సిగ్గులేకుండా అక్కడే నిలబడి నవ్వాను.

మోతబళ్ళు కుక్కని చూసి ఆగుతున్నాయి. మేం రోడ్డు దాటి వెనకవైపు పాత రైలు కట్ట ఎక్కాం. పట్టాలు ఎప్పుడో పీకేశారు, కంకర మిగిలింది. కాళ్ళు వాటంతటవే పాత లెక్కలో పడ్డాయి. ఇక్కడికి రెండు కిలోమీటర్లకి పైన నేను పనిచేసిన లెవెల్ క్రాసింగు గేటుంది. గేటు గది గోడ మీద నా పేరు, నా గురువు పేరు, ఆయన గురువు పేరు వరసగా సుత్తితో చెక్కి ఉంటాయి. ఇరవై నిమిషాల్లో చేరితే ఇరవై నిమిషాల్లో తిరిగి రావచ్చు.

ఇవాళ సగం దూరం కూడా పోలేదు. బుల్లెమ్మ ప్రతి గడ్డిపరకనీ పలకరిస్తుంది.

ఇంటికి రాగానే అచ్చియ్యమ్మ అడిగింది. "ఏటి సూసావు మావా?"

"ఏముంది, కంకర."

రోజు 25

వారంగా రోజూ వెళ్తున్నాం. పిక్కల వాపు తీసింది. గేటుకి ఇంకా ఆరు వందల మీటర్లు ఉండగానే ఇరవై నిమిషాలైందని పిడి కూత పెడుతోంది, వెనక్కి తిరగక తప్పడం లేదు. ఈ కుక్క నడక పెళ్ళినడక. లాగితే నాలుగడుగులు వేస్తుంది, మళ్ళీ నెమ్మదిస్తుంది. పెద్ద జాతి కుక్కలకి తుంటి బలహీనమని, మెత్తటి నేల మీద మెల్లగా నడిపించమని మీ కాగితంలో ఉంది. చదివాను. కానీ మెల్లగా నడిస్తే గేటు రాదు.

ఇంటికొచ్చాక అది నేరుగా అచ్చియ్యమ్మ దగ్గరికి పోయి ఒళ్ళో తల పెడుతుంది. ఆవిడ పాదాలు ఒక్కొక్కటీ తిప్పి చూసి, కొబ్బరినూనె రాసి, ఉప్పు కడిగేసిన ఎండు నెత్తళ్ళ చేపలు రెండు నోట్లో పెడుతుంది. నెత్తళ్ళంటే దానికి ప్రాణం.

ఇవాళ నూనె రాస్తూ తలెత్తకుండా అంది. "ఓ రోజు నాను ఎల్లొచ్చీదా మావా? ముప్ఫై రోజుల్దాకా నా సేతికీ తెరుసుకుంటాదన్నారు కదా."

"రేపు వెళ్దువులే" అన్నాను.

రోజు 28

ఇవాళ గేటు కనబడింది. గది పైకప్పు ఊడిపోయింది, గోడ ఉంది. మూడు వందల మీటర్లు. పిడి కూసింది.

అచ్చియ్యమ్మ మళ్ళీ అడగలేదు. నేనూ గుర్తు చెయ్యలేదు.

రోజు 30

డాక్టరుగారు వచ్చారు. నడవా మధ్యలో కుక్క తాడు విప్పి, నన్ను ఒకవైపు, అచ్చియ్యమ్మని ఇంకోవైపు నడవమన్నారు. కుక్క నా వెనక వచ్చింది. పిడి నా పేరున రాశారు.

రోజు 34

గేటు చేరాను. గోడ మీద పేర్లు ముట్టుకున్నాను. నా పేరు మీద నాచు పట్టింది. గోరుతో గీకాను. అనుకున్నంత సంతోషం రాలేదు. ఎందుకో రాయను.

తిరిగొచ్చేటప్పుడు రోడ్డు మధ్యలో బుల్లెమ్మ కూర్చుండిపోయింది. మోతబళ్ళు అటు వంద, ఇటు వంద నిలిచిపోయాయి. అన్ని యంత్రాలు నిశ్శబ్దంగా నన్నే చూస్తున్నట్టు అనిపించింది. తాడు పట్టి గుంజాను. అది వెనక కాలు ఈడుస్తూ లేచింది, నొప్పికి ఒక్క అరుపు అరిచింది. ఇంట్లో అచ్చియ్యమ్మ దాని పాదాలు తిప్పి చూసింది. రెండింట్లో కంకర కోసుకుంది. గోరువెచ్చని నీళ్ళతో కడిగింది. దొంగకి తేలు కుట్టినట్టు నేను నోరు మూసుకుని కూర్చున్నాను.

రోజు 36

నిన్నంతా పడుకునే ఉంది, పాదాలకి మందేశాం. ఇవాళ తాడు తగిలించి పిలిచాను. గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. గడప మీద ఏమీ లేదు. పద్దెనిమిదో రోజునే అచ్చియ్యమ్మ ఇంట్లో నిమ్మకాయ లేకుండా చేసింది, పచ్చడి జాడీ కూడా తులసీరావుకి ఇచ్చేసింది. అది నన్ను చూసి ఆగింది. అంతే.

అచ్చియ్యమ్మ వంగి దాని చెవి దగ్గర మెల్లగా చెప్పింది. నాకు వినబడదనుకుంది.

"ఎల్లమ్మా. పాపం మావ నడవకపోతే ఉండనేడు. నా కోసం ఎల్లు."

బుల్లెమ్మ కదిలింది. నేల మీదకి వచ్చాక పది అడుగులకోసారి ఆగి వెనక్కి, పైకి చూస్తోంది. అది దేన్ని చూస్తోందా అని నేనూ చూశాను. పంతొమ్మిదో అంతస్తు బాల్కనీలో పసుపుపచ్చ చీర. ఇంత దూరం నుంచి మనిషి గోరంత ఉంది. ఇన్నాళ్ళూ నేను గేటు వైపే చూశాను, ఒక్కసారీ ఇటు తిరగలేదు. రోజూ ఆ నలభై నిమిషాలూ ఆవిడ అక్కడే నిలబడి ఉంటుందని నాకు తెలియదు.

పావుగంటకే వెనక్కొచ్చేశాను.

రోజు 37

ముప్ఫయ్యో రోజు నాలుగు వాక్యాలే రాశాను. ముప్ఫై నాలుగేళ్ళ ఉద్యోగంలో నేను రాసిన మొదటి తప్పుడు నమోదు అది. ఇప్పుడు ఉన్నది రాస్తున్నాను.

ఆ రోజు పొద్దున్న వంటింటి డబ్బాలోంచి గుప్పెడు ఎండు నెత్తళ్ళు తీసి చొక్కా జేబులో పోసుకున్నాను. డాక్టరుగారు కుక్కని వదలగానే అది అచ్చియ్యమ్మ వైపే నాలుగడుగులు వేసింది. నేను జేబు తెరిచి చేత్తో గాలి విసిరాను. అది ఆగింది, ముక్కెత్తింది, అటూ ఇటూ చూసింది, నా వైపు వచ్చింది. గుమ్మడికాయల దొంగలాగా భుజాలు తడుముకుంటూ నిలబడ్డాను. డాక్టరుగారు సంతకం చేశారు. అచ్చియ్యమ్మ చప్పట్లు కొట్టింది.

నిన్న నడిచొచ్చాక ఆవిడ దగ్గర కూర్చుని చెప్పేశాను.

"తెలుసు మావా" అంది. "సొక్కా ఉతికింది నేనే కదా. జేబంతా నెత్తళ్ళ కంపు."

"మరి అప్పుడే అనలేదేం?"

"అంటే ఏటవుతాది? నువ్వు మళ్ళీ ఆ నడవాలో గోడకి తల కొట్టుకుంటా తిరుగుతావు. నాను సూడనేను. నాకైతే అలవాటైపోనాదనుకున్నాను." బుల్లెమ్మ చెవి నిమిరింది. "అవనేదు మావా. నువ్వొచ్చినప్పుడల్లా నీ బూట్లకేసి సూత్తాను. నేనూ మనిసినే కదా."

నలభై ఏళ్ళలో ఆవిడ నన్ను ఒక్కటే అడిగింది, ఒక్క రోజు నేల. నేను రేపన్నాను.

నిబంధనలు నాకు తెలుసు. తప్పుడు నమోదు ఇచ్చినవాడికి బతికినంత కాలం తాడుండదు. అయినా ఈ పుస్తకం తొంభయ్యో రోజు దాకా ఆపకుండా ఇవాళే పంపిస్తున్నాను. నా చెయ్యి తీసెయ్యండి. కుక్కని మాత్రం తీసుకుపోకండి. అది ఏ తప్పూ చెయ్యలేదు, ఆవిడా చెయ్యలేదు.

రోజు 39

రెండు రోజులు మీ నుంచి కబురు లేదు. ఇంట్లో ముగ్గురం తలుపు వైపే చూస్తూ ఉన్నాం. చక్రాల బోను చప్పుడు వినబడుతుందేమోనని చెవులన్నీ అటే. వినబడలేదు. డాక్టరుగారు ఒక్కరే వచ్చారు.

ఈ పుస్తకం నా చేతికి తిరిగిచ్చారు. నా జేబులు తిరగేసి చూపించమన్నారు, చూపించాను. మళ్ళీ నడవాలో అటొకరం ఇటొకరం నడిచాం. నేను వెనక్కి తిరిగి చూడక్కర్లేకపోయింది. నా వెనక గోళ్ళ చప్పుడు లేదు, అవతల అచ్చియ్యమ్మ నవ్వు వినబడింది.

"మీ విషయంలో నేను చెయ్యగలిగిందేమీ లేదు సూరిదేముడు గారూ" అన్నారు డాక్టరుగారు.

"అడగలేదమ్మా" అన్నాను. అడగాలని మాత్రం నాలుక చివరిదాకా వచ్చింది.

నా అరచెయ్యి పిడి మీద పెడితే ఇప్పుడు ఎర్రగా వెలుగుతోంది. ఒకసారి సరిపోయేదానికి మూడుసార్లు పెట్టి చూశాను.

రోజు 40

తాడు అచ్చియ్యమ్మది, పుస్తకం మాత్రం నన్నే రాయమంది. నాకిప్పుడు తీరికే తీరిక కనుక రాస్తున్నాను.

నాలుగింటికి వెళ్ళారు. నా బూట్లు ఆవిడకి పెద్దవి, చెప్పుల్లేకుండానే వెళ్తానంది. లిఫ్టు దాకా సాగనంపాను. తులసీరావు తలుపు తీసి చూశాడు, ఏమనుకున్నాడో మెల్లగా వేసేసుకున్నాడు.

బాల్కనీలో నిలబడ్డాను. కింద గేటు తెరుచుకుంది. పసుపుపచ్చ చీర, దాని పక్కన బూడిదరంగు మచ్చ. చాలాసేపు అక్కడే ఆగిపోయారు. భయపడుతోందేమో, అయ్యో నేనుంటే చెయ్యి పట్టుకునేవాణ్ణి కదా అనుకున్నాను. ఇక్కణ్ణించి అరిస్తే వినబడదు. అయినా అరిచాను. తర్వాత మెల్లగా కదిలారు. కట్ట వైపు పోలేదు, గడ్డి ఉన్న వైపు పోయారు. ఎవరు ఎవరిని నడిపిస్తున్నారో పైనుంచి తెలియలేదు. నాకు అసూయ పుట్టింది. ఇది కూడా ఉన్నది ఉన్నట్టే. కాళ్ళు పీకాయి, గచ్చు మీద అటూ ఇటూ తిరిగాను, గోడ తగిలింది, వెనక్కి తిరిగాను, మళ్ళీ గోడ తగిలింది. ఇంకా ఎన్నేళ్ళుంటానో తెలియదు, అన్నేళ్ళూ ఇదే గోడ. బాల్కనీ ఊచలు పట్టుకుని గట్టిగా ఊపాను. అవి కదలవు, బాగా బిగించారు.

నలభై నిమిషాలైంది, రాలేదు. యాభై అయింది. గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాను. గంటకి పది నిమిషాలు తక్కువలో ఉండగా, కాదు, గంటా పది నిమిషాలకి లిఫ్టు తెరుచుకుంది. చూశారా, అంకెలు కూడా తడబడుతున్నాయి.

"ఏమైందే? నలభై నిమిషాలే కదా!"

"అది కూకుంటే గడియారం ఆగిపోతాదంట మావా. పిడి మీద రాసుంది కదా, నువ్వు సూడనేదేటి?" అచ్చియ్యమ్మ మొహం ఎర్రగా కందిపోయి ఉంది. "మూడుసార్లు కూకుంది. దానితోపాటు నేనూ కూకున్నాను. గడ్డిలో."

ఇరవై రోజులు నా చేతిలో ఉన్న పిడి. నేను ఒక్కసారీ దాన్ని కూర్చోనివ్వలేదు.

బుల్లెమ్మ నన్ను దాటుకుని పోయి చీరల బాట మీద పడుకుంది. అచ్చియ్యమ్మ గడప లోపలికి వచ్చింది. కాళ్ళకి చీలమండల దాకా ఎర్రమట్టి, వేళ్ళ మధ్య గడ్డి. అలవాటు ప్రకారం స్నానాల గది వైపు తిరిగింది, కాళ్ళు కడుక్కోడానికి.

"కడుక్కోకే" అన్నాను. ఏడుపు ఆగలేదు. "కాసేపు అలాగే ఉండు."

ఆవిడ నన్ను చూసింది. వచ్చి కుర్చీలో కూర్చుని కాళ్ళు చాపింది. నేను గచ్చు మీద కూర్చుని ఆ రెండు పాదాలూ ఒళ్ళో పెట్టుకున్నాను.